పిండిమర ఆగిన రోజు

నేను ఒక పలకను. బలపంతో గీసి తడిగుడ్డతో తుడిచే పలక అనుకుంటారేమో, అది కాదు. నా మీద ఎవరూ గీయరు, పొడుస్తారు. చూపులేనివాళ్లు చుక్కల లిపి రాసుకునే పలకను నేను. నా ఒళ్లు చెక్క. దాని మీద అడ్డంగా ఒక లోహపు పట్టీ ఉంటుంది, పై నుంచి కిందికి జరుపుకోవచ్చు. పట్టీకి రెండు రేకులు. పై రేకుకు వరసగా చిన్న చిన్న కిటికీలు. కింది రేకుకు ప్రతి కిటికీ అడుగున ఆరు గుంటలు. మధ్యలో దళసరి కాయితం పెట్టి, చెప్పులు కుట్టే ఆరెలాంటి మొనదేరిన పుల్లతో పొడిస్తే కాయితం గుంటలోకి దిగుతుంది, అవతలివైపు చుక్క లేస్తుంది. ఆ చుక్కల్ని వేలికొసతో చదువుతారు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. చుక్క లేచేది అవతలివైపు కాబట్టి, రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు రాయాలి. అక్షరాన్ని కూడా తిప్పి పొడవాలి. కాయితం ఊడదీసి తిరగేస్తే అప్పుడది తిన్నగా వస్తుంది. అంచేత నాకు తెలిసినవన్నీ గుంటలే. చుక్కల మొహం నేనెరగను. అయినా రాసేవాళ్లు పెదవుల మధ్య గొణుక్కుంటూ రాస్తారు కనుక సంగతి నాకు తెలిసిపోతూనే ఉంటుంది. చూపు నాకూ లేదు. నేను చెప్పేదంతా విన్నదీ, నాకు తగిలిందీ.

నేను పుట్టింది ఉత్తరాదిన, కొండల కింద ఒక ఊరి కార్ఖానాలో. చెక్క కోసినవాళ్లెవరో, రేకు కొట్టినవాళ్లెవరో గుర్తులేదు. గుర్తున్నది చివరి బల్ల దగ్గర కూర్చునే మనిషి. ఆయనకూ చూపు లేదు. కిటికీ కిటికీలోనూ వేలు పెట్టి, గరుకు తగిలినచోట ఆకురాయితో రాకి, మళ్లీ వేలు పెట్టేవాడు. వేలు తెగితే నోట్లో పెట్టుకుని చప్పరించి పని సాగించేవాడు. గడ్డిలో సర్ది, పెట్టెలో మూసి, మమ్మల్ని రైలెక్కించారు. కర్నూలులో చూపులేని పిల్లల బడిలో దించారు.

అక్కడ నాకు యజమాని అంటూ ఎవరూ లేరు. ఎవరి చేతికి అందితే వాళ్లదాన్ని. ఒకడు లెక్క రాకపోతే నా మూల కొరికేవాడు. ఒకమ్మాయి ఎండాకాలం నాతో విసురుకునేది. లోపల గిలకలు మోగే బంతితో ఆడే క్రికెట్టులో బ్యాటు దొరక్కపోతే నేనే బ్యాటును. మనుషులు సాటి మనిషికిచ్చే మర్యాద వస్తువుకు ఇవ్వరని ఆ బడిలోనే అర్థమైంది. సాటి మనిషికి కూడా పెద్దగా ఇవ్వరని తర్వాతెప్పుడో తెలిసింది.

అట్లా తిరిగి తిరిగి ఉరుకుందమ్మ చేతికొచ్చాను. ఆదోని పిల్ల. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. నాయన పత్తి మార్కెట్టులో హమాలీ. అమ్మ లింగమ్మ జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి పోయేది. పదో తరగతి అయిపోయి బడి వదిలేటప్పుడు నన్ను అప్పగించి పోవాలి. ఆమె అప్పగించలేదు, ఎవరూ అడగనూలేదు. నాకొక మనిషి దొరికింది.

ఆదోనిలో ఇంటరు చదివి, అక్కడే డిగ్రీలో చేరింది. కాలేజీలో మొదటివారమే మా ఇద్దరికీ మా స్థానం తెలిసొచ్చింది. ఎకనామిక్స్ సారు పాఠం చెబుతుంటే ఆమె నా మీద నోట్సు రాసుకుంటోంది. చుక్కకో టక్కుమనే చప్పుడు నాది. ఆపుకుందామంటే నా చేతిలో లేదు. సారు కాసేపు ఓర్చుకుని, "ఎవరమ్మా అది, వడ్రంగిపిట్ట మాదిరి?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. తర్వాత విషయం తెలిసి ఆయనే నొచ్చుకుని, "పర్వాలేదమ్మా, వెనక బెంచీలో కూర్చోని రాసుకో" అన్నాడు. ఆమె వెనక బెంచీలో కూర్చుంది గానీ మళ్లీ రాయలేదు. పాఠాలు ఫోనులో రికార్డు చేసుకునేది. నేను సంచిలో టిఫిన్ డబ్బా పక్కన పడి ఉండేదాన్ని.

ఎవరూ చెడ్డవాళ్లు కారు. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని దించేవాళ్లు. బస్సు వస్తే ముందు ఆమెను ఎక్కించేవాళ్లు. "అన్నం తింటివా?" అని అడిగేవాళ్లు. ఆమె జవాబు చెప్పేలోపు అడుగుల చప్పుడు దూరమైపోయేది. ఆమె చెప్పబోయిన జవాబు, "తిన్నాను, ఈరోజు గోంగూర" అన్నది, కొన్నిసార్లు సంచి మీద చెయ్యేసి నాతో చెప్పేది. నాతో అనుకుని చెప్పిందో, డబ్బాతో చెప్పిందో నాకు తెలియదు.

క్లాసులో శశిరేఖ అనే అమ్మాయి ఒక్కతే పక్కన కూర్చునేది. పరీక్షల్లో చూపులేనివాళ్లు చెబుతుంటే రాసిపెట్టడానికి ఒక మనిషి కావాలి. ఉరుకుందమ్మకు కాలేజీ పరీక్షలన్నీ మొదటి ఏడాది నుంచీ శశిరేఖే రాసిపెట్టింది. చక్కటి దస్తూరి అని లెక్చరర్లు మెచ్చుకునేవాళ్లు. తియ్యగా ఉండే మాటలంటే ఆమెకు ప్రాణం. ఎక్కడ ఒక మంచి పదం విన్నా రెండుసార్లు పైకి అనుకునేది.

మూడో ఏడాది కొత్త పేపరొకటి పెట్టారు. దాని పేరు రచనా కౌశలం. చెప్పేది షంషాద్ మేడమ్. తెలుగు లెక్చరరు, రిటైరుమెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి. నోట్లో సోంపు గింజలు నముల్తూ మాట్లాడేది. మొదటిరోజే చెప్పేసింది: "నేను నోట్సు చెప్పను. మీరు రాస్తారు, ఇక్కడ చదువుతారు, నేను ప్రశ్నలడుగుతాను, మళ్లీ రాస్తారు. ఎందుకు అట్లా రాసినారో కూడా రాస్తారు."

"ఇదేం పేపరప్పా, గైడు కూడా దొరకదు" అని ముందు బెంచీలో ఎవరో గొణిగారు.

"ఇంటి నుంచి కాలేజీకి మీరు వచ్చే దారి రాసుకురండి" అంది మేడమ్. "అంతే. పెద్ద పెద్ద సంగతులొద్దు."

మధ్యాహ్నం లైబ్రరీ వరండాలో ఇద్దరూ కూర్చున్నారు. ఉరుకుందమ్మ చెబుతోంది, శశిరేఖ రాస్తోంది. నేను సంచిలోంచి వింటున్నాను.

"మా వీధి చివర పిండిమర ఉంది. మర తిరుగుతాంటే వెచ్చటి గాలి మొగానికి కొడుతుంది. ఆడ ఎడమకు తిరుగుతా" అంది ఉరుకుందమ్మ.

"ఊఁ. ఇంకా?"

"మర ఆగినరోజు దారి తప్పుతా."

పెన్ను ఆగింది. "ఇది వద్దులేమే" అంది శశిరేఖ. "చదివినోళ్లు అయ్యో పాపం అంటారు. నిన్ను ఆ మాట అంటే నాకు ఒళ్లు మండుతాది. బాగుండేది చెప్పు."

"బాగుండేదంటే?"

"పొద్దున్నే వస్తావు కదా. ఎండ, చెట్లు, మనుషులు… సరే, నువ్వు చెప్పేది చెప్పు. నేను చక్కగ పెడతాలే."

చక్కగానే పెట్టింది. మరుసటి క్లాసులో మేడమ్ ఆ వ్యాసాన్ని పైకి చదివింది. తొలికిరణాల బంగారు వెలుగులో ఆ వీధి మేలిముసుగు తొలగించుకుంటుందట. పత్తిమూటలు నేలకు దిగిన తెల్లమబ్బులట. పిండిమర ఒక వాక్యంలో వచ్చింది, అందులో అది శ్రమజీవుల గుండెచప్పుడు. చదువుతుంటే మేడమ్ గొంతు ఒకటి రెండుచోట్ల నెమ్మదించింది గానీ ఆగలేదు. అయిపోగానే చప్పట్లు. "కండ్లు లేకున్నా ఎంత బాగ రాసిందిరా" అని ఎవరో అన్నారు. వార్షిక సంచిక కమిటీవాళ్లు సాయంత్రానికే వచ్చి, సంచికలో వేస్తామని, ఫోటో కావాలని అడిగి పోయారు. శశిరేఖ సంతోషంతో ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది. ఉరుకుందమ్మ నవ్వింది. ఆ నవ్వు సంచిలో ఉన్న నాకు సరిగ్గా వినబడలేదు. బాగా నవ్వితే వినబడేదే.

ఇంట్లో లింగమ్మ అప్పటికే వీధి వీధికీ చెప్పేసింది, మా పాప రాసింది పుస్తకంలో అచ్చేస్తారంట అని. కూతురు రాగానే పక్కన కూచోబెట్టుకుంది.

"ఏం రాసినావే పాపా? నాకూ చెప్పు."

"మన వీధి గురించిమా. బంగారు వెలుగు అని…"

"బంగారు వెలుగా?" లింగమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మన వీధిలో యాడుందే? పొద్దున లేస్తే పత్తి దుమ్ము, దగ్గు. నువ్వు రాసినావంటే ఉంటాదిలే."

ఉరుకుందమ్మ లేచి లోపలికొచ్చి నన్ను బయటికి తీసింది. చాలా కాలమైంది ఆ చేయి తగిలి. కాయితం కోసం వెతికింది. దళసరి కాయితం దొరకనప్పుడు పాత క్యాలెండరు షీట్లే మాకు కాయితాలు. ఒక నెలను చింపి నా మీద బిగించింది. బిగించి ఊరికే కూర్చుంది. తర్వాత పుల్ల తీసుకుని పొడిచిన మొదటి వాక్యం, "మర ఆగినరోజు దారి తప్పుతా." దాని తర్వాత ఏమీ రాలేదు. ఆ ఒక్క వాక్యం కింది ఖాళీలో వేళ్లు అట్లా ఆనించి ఉంచింది.

మరుసటి క్లాసు మొదలవుతుండగా లేచి నిలబడింది.

"మేడమ్, మొన్న మీరు చదివింది నాది కాదు. దాన్ని సంచికలో వేయొద్దండి."



"నేనేం కాపీ కొట్టలే మేడమ్" అంది శశిరేఖ. "ఆమె చెప్పిందాన్నే బాగ రాసినా."

"బాగనే రాసింది మేడమ్" అంది ఉరుకుందమ్మ. "అది శశి కండ్లకు కనపడే దారి. నేను నడిచే దారి వేరే."

 "సరే. నువ్వు నడిచే దారి రాసుకురా" అంది మేడమ్.

గంట కొట్టాక శశిరేఖ దగ్గరకొచ్చింది. "మొదటి సంవత్సరం నుంచీ నీకు రాసిపెట్టినా. నచ్చకపోతే నాకు చెప్పకూడదా? ముందుగాల నాకు చెప్పకుండా అందరి ముందరా నిలబెడతావా నన్ను?"

ఆ మాటలో న్యాయం ఉంది.  శశిరేఖ అడుగులు ఇంకో బెంచీ దాకా పోయి అక్కడ ఆగాయి. పుస్తకాలు బల్ల మీద పడిన చప్పుడు వినబడింది. ఆ రోజు నుంచి మా బెంచీలో నేనూ ఆమే.

మనుషుల విషయంలో నాకొక సంగతి విడ్డూరంగా తోస్తుంది. నిజం చెప్పమని చిన్నప్పటి నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతారు. చెప్పినవాళ్లతో మాత్రం కలిసి టిఫిన్ డబ్బా విప్పరు. చప్పట్లు కొట్టినవాళ్లందరికీ ఇప్పుడు ఆమెతో ఏం మాట్లాడాలో తెలియలేదు. "అన్నం తింటివా" అని అడగడం కూడా తగ్గిపోయింది. మధ్యాహ్నాలు గోడకు ఆనుకుని కూర్చుని నన్ను ఒళ్లో పెట్టుకునేది. రాసేది తక్కువ, ఊరికే పట్టీని పైకీ కిందికీ జరపడం ఎక్కువ. కాస్త దూరంలో శశిరేఖ వేరేవాళ్లతో మాట్లాడుతుంటే వినబడేది. ఆమె గొంతు వినబడినప్పుడల్లా నా మీద చేయి ఆగిపోయేది.

అయినా రాసింది. రాసిందాన్ని క్లాసులో తనే వేళ్లతో చదివింది. వేళ్లు తడుముకుంటూ పోతుంటే మాట మధ్యలో ఆగేది, ముందుకు పోయేది, పోయి వెనక్కొచ్చేది. కుర్చీలు కిర్రుమనేవి. ఎవరో ఆవలించేవారు. మేడమ్ మాత్రం సోంపు నమలడం ఆపి వినేది.

ఆమె రాసింది ఒక మామూలు సంగతి. ఒకరోజు పొద్దున కరెంటు లేక పిండిమర ఆగిపోయింది. చప్పుడు లేదు, వెచ్చటి గాలి లేదు. ఎడమకు తిరగాల్సిన చోట తిరగకుండా నేరుగా పోయింది. కాళ్ల కింద కంకర తగిలింది. గూడ్సుబండి చాలా దగ్గరగా వినబడింది. చేతికర్రకు గోడ తగిలితే దానికి ఆనుకుని నిలబడిపోయింది. దారినపోయే ఒకాయన సైకిలు దిగి, "యాడికి పోవాలమ్మా?" అని అడిగాడు. "మా నాయన వస్తాడు, కాచుకోని ఉన్నా" అని అబద్ధం చెప్పింది. చాలాసేపటికి దూరాన మర మొదలైంది. ఆ చప్పుడు పట్టుకుని వెనక్కి నడిచింది.

చదవడం అయిపోయాక మేడమ్ అడిగింది. "ఆయన్ను దారి ఎందుకు అడగల్యా?"

"సిగ్గేసింది మేడమ్."

"సిగ్గు అని రాస్తే నాకు తెలిసిపోతుందా? అందరం రాస్తాం ఆ మాట. ఇంటికి పోయి మళ్లీ ఆ గోడ దగ్గర నిలబడు. నిలబడి చూడు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నాలుక కరుచుకున్నట్టుంది, మాట తడబడింది. ఉరుకుందమ్మే అందుకుంది. "చూస్తాను మేడమ్. అమ్మ కూర వండి తిని చూడు అంటుంది. నాయన పాట పెట్టి విని చూడు అంటాడు. ఇది కూడా అట్లాంటి చూడే కదా." ఈసారి అందరూ నవ్వారు, ఆమెతో కలిసి. ఆ నవ్వు మధ్యలో శశిరేఖ గొంతు నాకు వినబడలేదు.

రెండోసారి రాసుకొచ్చింది. దారి అడిగితే ఆయన ఇంటిదాకా తెచ్చి వదిలేవాడు, అమ్మకు తెలిసేది, ఒంటరిగా కాలేజీకి పోవడం మాన్పించేది, అందుకే అడగలేదని.

"ఇది నిజమే" అంది మేడమ్. "నిజమే కానీ, ఇది నువ్వు తర్వాత ఆలోచించుకున్న కారణం. గోడ దగ్గర ఉన్నప్పటిది కాదు."

"ఇంకేముంది మేడమ్?" విసుగొచ్చింది ఉరుకుందమ్మకు. "జరిగింది అంతే."

"అంతే అయితే అంతే. నాకు మాత్రం ఇంకేదో ఉందనిపిస్తాంది."

ఇంటికొచ్చి నన్ను మంచం మీదికి విసిరేసింది. బడి వదిలినాక నన్ను అట్లా విసరడం అదే మొదటిసారి. లింగమ్మ అన్నానికి పిలిచినా పోలేదు. తర్వాత వచ్చి నన్ను తడిమి, మూల విరగలేదు కదా అని వేలితో సరిచూసి, క్యాలెండరు షీటు బిగించింది. మా లిపిలో కొట్టివేతలు కష్టం. చుక్క తప్పుపడితే గోటితో నొక్కి అణచాలి, అయినా మచ్చ మిగులుతుంది. ఆమె అణచుకుంటూ, చింపుకుంటూ, మళ్లీ పొడుస్తూ పోయింది. ఒక దగ్గర పుల్ల ఆగింది.  ఆ తర్వాత ఆపకుండా రాసింది. గొణగలేదు. మొదటిసారి ఆమె రాసేది నాకు పెదవుల్లోంచి కాక గుంటల్లోంచే తెలిసింది.

మర్నాడు క్లాసులో చదివిన ముక్క ఇది.

"నన్ను ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుకోని ఉంటారు. ఆ గోడ దగ్గర ఉన్నంతసేపు నేను యాడున్నానో ఈ లోకంలో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. భయమేసింది.  అయినా ఎవరన్నా వచ్చి చెయ్యి పట్టుకుంటే నాది ఏదో పోతుందనిపించింది. మర మొదలైంది. వెంటనే కదల్లేదు. ఇంకొంచెంసేపు తప్పిపోయే ఉన్నాను."

చప్పట్లు లేవు. కుర్చీ కిర్రుమనలేదు. మేడమ్, "ఆ కాయితాలు నాకియ్యి" అంది.

"మీకు చదవడానికి రాదు కదా మేడమ్."

"రాదు. అదే చెప్తాండా. ఇప్పుడు నేను విన్నది నీ గొంతు. రాసింది, నువ్వు పక్కన లేనప్పుడు కూడా మాట్లాడాల. నువ్వు రాసింది నువ్వు బయటికి పోతే మూగదైపోతాంది. ఈ కాలేజీలో దాన్ని చదవగలిగినోళ్లు ఒక్కరూ లేరు. అది నీ తప్పు కాదు."

ఉరుకుందమ్మ కాయితాలు మేడమ్ చేతికి ఇచ్చేసింది.  కష్టపడి ఒక మాట దొరికించుకున్నాక, దాన్ని చేర్చడానికి అవతల మనిషే లేడని తెలియడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నా బతుకంతా కాయితానికి ఇవతలి వైపే గడిచింది మరి.

కొన్నాళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె నన్ను బెంచీ మీద వదిలి టిఫిన్ డబ్బా కడగడానికి కుళాయి దగ్గరికి పోయింది. అప్పుడు ఎవరో నన్ను తీశారు. కొత్త చెయ్యి. కాయితం వంకరగా బిగించారు. పుల్లను పెన్ను పట్టుకున్నట్టు ఏటవాలుగా పట్టుకున్నారు. చుక్కకూ చుక్కకూ మధ్య ఫోనులో ఏదో సరిచూసుకుంటున్నట్టు ఆగేవారు. మరీ గట్టిగా పొడవడంతో ఒకటి రెండుచోట్ల కాయితం చిరిగింది. పైగా అంతా ఎడమ నుంచి కుడికి. వద్దు, తిప్పి రాయాలి అని అరుద్దామనిపించింది. పలకకు నోరెక్కడిది. ఊపిరి బరువుగా వినబడింది, తర్వాత గబగబా దూరమయ్యే అడుగులు.

ఉరుకుందమ్మ వచ్చి కూర్చుని కాయితం తగిలి ఉలిక్కిపడింది. ఊడదీసి, తిరగేసి, వేళ్లతో తడిమింది. అర్థం లేని చుక్కలు. ఎవరో ఆటపట్టించారనుకుంది.  కాయితం నలిపేయబోయి, ఆగి, మళ్లీ తడిమింది. తర్వాత మెల్లగా కాయితాన్ని వెనక్కి తిప్పింది. చుక్కల వైపు కాదు, గుంటల వైపు. గుంటలు వేలికి అందవు. గోటి కొసతో ఒక్కో గుంటనూ తాకి లెక్కపెట్టుకుంటూ పోయింది. ఎన్నో చేతులు నా మీద రాశాయి గానీ, నా వైపు నుంచి ఎవరైనా చదవడం అదే మొదటిసారి.

అందులో ఉన్నది చాలా కొంచెం.

"చదివినా. భయమేసింది. శశి."

సంగతేమిటో తర్వాత మేడమ్ మాటల్లో బయటపడింది. తన బల్ల మీద ఉన్న కాయితాలను శశిరేఖ అడిగి తీసుకుపోయిందట. ఫోనులో చుక్కల లిపి పట్టిక పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, కంటితోనే చదివిందట. క్లాసులో విన్నదాన్నే ఎందుకు చదవడం అని మేడమ్ అడిగితే, "విన్నప్పుడు ఆమెను చూస్తాంటి మేడమ్, సరిగ్గా వినలే" అందట.

ఉరుకుందమ్మ లేచి గది అవతలి చివరికి, బెంచీలు తడుముకుంటూ పోయింది. "మే శశీ" అంది. "తిప్పి రాయాలమే. నువ్వు రాసింది తిక్కగా వచ్చింది."

"అవునా? మరెట్ల చదివితివి?"

"చదివినాలే."

ఇద్దరూ నవ్వారు. శశిరేఖ నవ్వు కాస్త ముక్కుతో వచ్చింది, ఏడ్చినట్టుంది.

ఆ తర్వాత అంతా పూర్వంలాగే అయిపోయిందని చెప్పను. శశిరేఖ మళ్లీ మా బెంచీలోకి రాలేదు. ఆమెకు కొత్త స్నేహితులున్నారు. రాసిపెడతానని ఆమె అడగలేదు, రాసిపెట్టమని ఈమె అడగలేదు. చివరి పరీక్షకు ఎవరో ఇంటరు చదివే అమ్మాయిని పెట్టారు, ఆ అమ్మాయి ఒత్తులన్నీ మింగేసింది. కానీ సంచిక కోసం ఉరుకుందమ్మ కాయితాలను మామూలు లిపిలోకి ఎత్తి రాసింది మాత్రం శశిరేఖే. ఒక్క మాట చేర్చలేదు, తీయలేదు. "యాడున్నానో" అన్నదాన్ని "ఎక్కడున్నానో" అని కూడా దిద్దలేదు. అచ్చులో తప్పులు పడ్డాయి, అవి ప్రెస్సువాళ్లవి. పైన కమిటీవాళ్లు తమంతట తాము ఒక లైను తగిలించారు: "చూపు లేకపోయినా అక్షరదీపం వెలిగించిన సోదరి." మేడమ్ మండిపడింది. ఉరుకుందమ్మకు మాత్రం నవ్వొచ్చింది. లింగమ్మ ఆ వ్యాసం శశిరేఖ చేత చదివించుకుని వింది.  "ఆ పొద్దు అట్లా అయిందా?" అని మాత్రం అడిగింది. కాలేజీ మాన్పించలేదు. మర్నాటి నుంచి పిండిమర తిరుగుతోందో లేదో చెవి ఒగ్గి విని మరీ కూతుర్ని పంపేది.

డిగ్రీ అయ్యాక శశిరేఖ ఏదో ఊళ్లో ఉద్యోగానికి పోయిందని విన్నాను. ఉరుకుందమ్మ బీఈడీ చదివి తెలుగు టీచరయింది. ఆమె చేతికి మాట్లాడే ఫోను, మాట్లాడే కంప్యూటరు వచ్చాయి. మడిచి సంచిలో పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ పలక కూడా వచ్చింది. నా పట్టీ వదులై జారుతోంది. చెక్క కొంచెం వంగింది. షంషాద్ మేడమ్, "నీకు బరువైతే నాకియ్యి, నేర్చుకుంటా" అని అడిగితే ఇచ్చేసింది. మేడమ్ వేళ్లు చక్కెర జబ్బుతో మొద్దుబారాయి, చుక్క తగిలినా తెలిసేది కాదు. స్టాఫ్‌రూములో తీరికవేళల్లో కొన్ని అక్షరాలు పొడిచి, కంటితో చదువుకుని, తనలో తాను "ఓహో" అనుకునేది. రిటైరైన రోజు దండలు, శాలువాలు, ఆటో తొందర. నేను బీరువాలో ఉండిపోయాను.

ఎన్నేళ్లో ఏమో, కాలేజీకి తనిఖీ బృందం వస్తోందని హడావుడి పడ్డారు. చూపించడానికి ఏమున్నాయా అని బీరువాలు దులిపారు. నేను దొరికాను. నన్ను నూనెగుడ్డతో తుడిచి, ఒక అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. బృందం వచ్చింది, "ఆహా" అంది, భోజనానికి పోయింది. నేను అందులోనే ఉన్నాను. గాజు అడ్డంగా ఉంటే మాటలు దూరంగా, నీళ్లలోంచి వచ్చినట్టు వినబడతాయి. ఒక్క చెయ్యీ తగలదు. దుమ్ము కూడా రాదు.

ఈమధ్య కాలేజీలో ఏదో సభ జరిగింది. మాట్లాడటానికి ఉరుకుందమ్మను పిలిచారు. గొంతు కాస్త బరువెక్కింది, వెంటనే గుర్తుపట్టాను. కొత్త ప్రిన్సిపాలు ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చాడు.

"ఇదేనమ్మా మీరు రాసుకున్న పలక. చూడండి, ఎంత భద్రంగా పెట్టినామో."

ఆమె చెయ్యి చాచింది. గాజులు గాజుకు తగిలి టింగుమన్నాయి. అంతకంటే ముందుకు రాలేదు.

"ఒకసారి తెరుస్తారా సార్?"

ప్రిన్సిపాలు అటూ ఇటూ పిలిచాడు. తాళంచెవి అటెండరు గిడ్డయ్య దగ్గరుంది. గిడ్డయ్య ఆరోజు సెలవు.

"పోనీలెండి" అంది ఆమె. తర్వాత, "ఇక్కడ ఏమన్నా రాసిపెట్టినారా సార్?" అని అడిగింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అంటే… అందరికీ పెట్టిందేనమ్మా. వస్తువులను తాకరాదు అని."

ఆమె ఒక్కసారి పెద్దగా నవ్వింది. గాజు ఉన్నా ఈసారి స్పష్టంగానే వినబడింది. నవ్వు ఆగాక కాసేపు అక్కడే నిలబడింది. 

"దాంట్లో కాయితం ఉందా సార్?"

"లేదమ్మా, ఖాళీగానే ఉంది."

"ఖాళీగా పెట్టొద్దు సార్. ఒక కాయితమన్నా పెట్టండి."

మర్నాడు గిడ్డయ్య తాళం తీసి, ఒక కాయితం తెచ్చి నా రేకుల మధ్య బిగించి, మళ్లీ తాళం వేశాడు. దళసరిది కాదు, ఆఫీసులో వాడే పల్చటిదే. అప్పుడప్పుడు పిల్లలు వచ్చి పెట్టె దగ్గర ఆగుతారు. తెల్లకాయితం పెట్టారే, ఏమీ రాయలేదే అనుకుని పోతారు. తెలుపంటే ఏమిటో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా అది నున్నగా ఉందని.